నాలుగు రకాల వాక్యాలు, ఒక బీరువా

ఏటా జులైలో ఆరో తరగతికి నేను ఒకే పాఠంతో మొదలుపెడతాను. ఇంగ్లీషులో వాక్యాలు నాలుగు రకాలు: ఉన్నది చెప్పేది, అడిగేది, ఆజ్ఞ వేసేది, ఆశ్చర్యపోయేది. తొమ్మిదేళ్లుగా ఇదే చెబుతున్నాను. పాఠానికి ముందు ప్రిన్సిపాల్ మేడమ్ గదికి పోయి చాక్‌పీసులు అడగాలి. ఆమె తాళాలగుత్తి తీసి, కుర్చీ వెనకున్న ఆకుపచ్చ ఇనుప బీరువా తెరిచి, రెండు తెల్లవి, ఒక రంగుది ఇస్తుంది. ఎప్పుడూ అంతే, ఒకటి ఎక్కువుండదు. ఆ బీరువా కింది అరలోనే నా నీలం ఫైలు ఉంటుంది. పదో తరగతి నుంచి బీఎడ్ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అందులో ఉన్నాయి.

ఈ మరాఠీ ఊళ్లో మా బడిలాంటి చిన్న ప్రైవేటు బళ్లలో ఇదొక ఆనవాయితీ. చేరిన రోజు చూసి ఇస్తామని తీసుకుంటారు, ఇక ఇవ్వరు. నడి ఏడాదిలో టీచరు వెళ్లిపోకుండా మెడకు కట్టిన పలుపు అది. ఇచ్చిన రోజు నేనూ నవ్వుతూనే ఇచ్చాను. బొగ్గు గనిలో దిగే మా నాన్న, బిడ్డ టీచరైందని బల్లార్‌పూర్ క్వార్టర్లలో ఇంటింటికీ జిలేబీలు పంచాడు. ఆ తర్వాత ఆ ఫైలును చూడటమే గానీ ముట్టుకున్నది లేదు. డూప్లికేట్లు తెచ్చుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దానికి సర్టిఫికెట్లు పోయాయని పోలీసు కంప్లైంటు కావాలట. పోలేదే, రోజూ కళ్లారా చూస్తున్నానే!

పాఠంలో ఉదాహరణలు పిల్లల్నే చెప్పమంటాను. ఆజ్ఞలకు కొదవే ఉండదు. సిట్ డౌన్, కీప్ క్వైట్, ఫింగర్ ఆన్ లిప్స్ అని నా మాటలు నాకే అప్పజెబుతారు. ప్రశ్నలు చెప్పమంటే మే ఐ కమిన్, మే ఐ డ్రింక్ వాటర్, మే ఐ గో టు టాయిలెట్. మా బడిలో ప్రశ్నంటే అనుమతి అడగడమే. ఎందుకు, ఎప్పుడు అని ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండుతుంది. ఆశ్చర్యం దగ్గరికొచ్చేసరికి పాపం అందరూ నోళ్లు వెళ్లబెడతారు. పుస్తకంలోనేమో "ఎంత అందమైన పువ్వు!" అని ఉంటుంది. కిటికీ చువ్వ మీద వేలు పెడితే కరెంటు ప్లాంటు బూడిద అంటుకునే ఊళ్లో ఆ మాట ఎవరికి తోస్తుంది? ఓసారి వెనక బెంచీవాడు "హౌ హాట్ ఇట్ ఈజ్!" అన్నాడు. వాడికి పూర్తి మార్కులు వేశాను.

ఈ ఏడాది ప్రశ్నల వంతు వచ్చినప్పుడు రెండో బెంచీలో ఒక పాప లేచింది. పక్కూరు బామ్ని నుంచి వచ్చే తెలుగువాళ్ల పిల్ల. "మేడమ్, వెన్ విల్ ఐ గెట్ మై టీసీ?" అంది. క్లాసంతా ఫక్కున నవ్వింది. వాళ్ల నాన్న మంచిర్యాలలో పని దొరికి ముందే వెళ్లిపోయాడు. తల్లీబిడ్డలు టీసీ కోసం ఇక్కడ ఆగిపోయారు. తొమ్మిదేళ్లలో ఆ తరగతిలో నేను విన్న అసలైన ప్రశ్న అదొక్కటే. బాగుందని చెప్పి కూర్చోబెట్టాను కానీ, బోర్డు మీద రాయలేదు.

రాయకపోవడానికి కారణం ఉంది. నెలాఖరున పిల్లల లెక్క పైకి పంపాలి. అందాకా ఒక్క పేరు కూడా పట్టీలోంచి పోకూడదని మేడమ్ పట్టుదల. టీసీ కోసం వచ్చిన తల్లిదండ్రుల్ని తిప్పుతూ ఉంటుంది. తెలుగువాళ్లొస్తే ఆ పని నాది. నన్ను పిలిపించి, "వాళ్ల భాషలో నచ్చజెప్పు" అంటుంది. "రేపు రండి" అని నేను చెబుతాను. మన మాటలో చెబితే కాదన్నది కూడా మెత్తగా ఉంటుంది కాబోలు, వాళ్లు దండం పెట్టి మరీ పోతారు.

అదే వారం నాగపూర్‌లో ఒక పెద్ద బడివాళ్లు నన్ను తీసుకుంటామన్నారు. సోమవారం ఒరిజినల్స్‌తో వచ్చి చేరాలి, లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తారు. పోయి మేడమ్‌ని అడిగాను. "బఘూ" అంది. మరాఠీలో చూద్దాం అని. ఆ మాట నేను తొమ్మిదేళ్లుగా వింటున్నాను.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటే గిదే," అంది ఇంట్లో అమ్మ. "పోయి గట్టిగ అడుగు బిడ్డా. నీ కాయితాలే గదా, ఆమె అయ్య జాగీరా?"

నాకు కోపం ఎక్కువని అమ్మ నమ్మకం. నిజమే, ఎక్కువే. అదంతా ఆరో తరగతి మీద, బల్లార్‌పూర్ బస్సు కండక్టరు మీద, జట్‌పురా గేటు దగ్గర బండి అడ్డం పెట్టేవాడి మీద. మేడమ్ గదిలో కాలు పెడితే మాత్రం కుక్కిన పేనునే.

బుధవారం మేడమ్ పిలిపించింది. "ఆ బామ్ని పాప తల్లి మళ్లీ వచ్చింది. నెలాఖరు దాకా ఎట్లాగైనా ఆపు. నీ ఫైలు సంగతి శనివారం చూస్తాను," అంది. ఆమె నోట ఒక రోజు పేరు రావడం అదే మొదలు. ఒక పాప కాగితం ఆపితే నా కాగితాలొస్తాయి. అది విని నాకు ముందు కలిగింది సంతోషమే. సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

ఆ తల్లి వానకు తడిసిన కొంగు పిండుకుంటూ లోపలికొచ్చింది. "టీచరమ్మా, గిది మూడోసారి. అక్కడ బడి సురువై నెల దాటింది. టీసీ లేకుంటే పేరు రాసుకోం అంటున్రు. మా ఆయన దినాం ఫోన్ చేస్తుండు. గిట్ల తిప్పుడేందమ్మా? నువ్వు మనదానివి గదా, నువ్వన్న చెప్పు."

మనదానివి అన్నందుకు నాకు ఆమె మీదే కోపమొచ్చింది. ఎవరు అడిగారు నన్ను మనదాన్ని కమ్మని? "రేపు రండి" నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ ఏదో రిజిస్టరు చూస్తున్నట్టు తల వంచుకుని ఒక చెవి ఇటు వేసింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. నేను ముఖం ముడుచుకుని, తల అడ్డంగా ఆడిస్తూ అన్నాను.

"అక్కా, నేను చెప్తుంటే నవ్వకు, ముఖం గట్లనే ఉంచు. టీసీ ఆపెటందుకు వీళ్లకు హక్కు లేదు. జిల్లల బళ్లన్నిటిని చూసే పెద్దసారు ఆఫీసు ఉంటది. టీసీ ఇస్తలేరని రెండు కాయితాలు రాయించు. ఒకటి అక్కడియ్యి. రెండోదాని మీద అందినట్టు ముద్ర ఏపిచ్చుకొని తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. ఇంకేం మాట్లాడకు. నా పేరు ఎత్తకు."

గడుసుది. లేని కన్నీళ్లు తుడుచుకుని, "గింత అన్యాలమా!" అని గట్టిగా అని వెళ్లిపోయింది. మేడమ్ నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపింది.

ఆమెకు చెప్పిన ఉపాయం నాకూ పనికొస్తుందని తెలియక కాదు. బస్సులో కూర్చుని నా అర్జీ మనసులోనే మొత్తం రాసుకున్నాను, మంచి ఇంగ్లీషులో. దిగేసరికి, శనివారం చూస్తానంది కదా, ఇప్పుడు ఎందుకు రచ్చ అనిపించింది. ఇంట్లో కాగితం తీయలేదు.

శనివారం పొద్దున చాక్‌పీసుల కోసం నేను గదిలో నిలబడి ఉండగానే ఆ తల్లి కూతురితో వచ్చింది. మాట్లాడకుండా ముద్రపడ్డ కాగితం బల్ల మీద పెట్టింది. మేడమ్ అది రెండుసార్లు చదివింది. ముఖం కందగడ్డలా అయింది. "ఈమెకు ఇదంతా ఎవరు నేర్పారు?" అని నన్నడిగింది.

"ఊళ్లో ఎవరో చెప్పారట మేడమ్," అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే వాక్యం గురించి పిల్లలకు పాఠం చెప్పేది నేనే.

మేడమ్ విసురుగా బీరువా తెరిచింది. టీసీ పుస్తకం తీసి, రాసి, సంతకం పెట్టి, ముద్ర కోసం కాగితం పట్టుకుని పక్కగదిలోని క్లర్కు దగ్గరికి పోయింది. బీరువా తలుపు బార్లా తెరిచే ఉంది. తాళాలగుత్తి ఇంకా ఊగుతోంది.

నీలం ఫైలు చేతికందే దూరంలో ఉంది. దానికి నేను వేసిన రబ్బరు బ్యాండు ఎండిపోయి తెగి అట్టకు అతుక్కుంది. భుజాన సంచి ఉంది. బడి గేటు దాటితే ఆటోలు ఉంటాయి. ఎల్లుండే సోమవారం. నా కాగితాలు నేను తీసుకుంటే దొంగతనం కాదు. ఇవన్నీ ఒక్కసారే తోచాయి.

ఆ తల్లి నా చూపు వెంట చూసింది. "నీయి గుడ అండ్లనే ఉన్నయా, టీచరమ్మా?"

తలూపాను.

"మరి తీస్కో."

చెయ్యి లోపలికి పోయింది. అట్ట అంచు వేళ్లకు తగిలింది. అప్పుడే బయట మేడమ్ చెప్పుల చప్పుడైంది. చెయ్యి దానంతటది పై అరకు పోయింది. బయటికొచ్చేసరికి రెండు తెల్లవి, ఒక రంగుది పట్టుకుని ఉన్నాను.

మేడమ్ లోపలికొచ్చి టీసీ ఆ తల్లి చేతిలో పెట్టింది. తర్వాత నా చేతివైపు చూసింది. "అడక్కుండా తీసుకున్నావే?" అంది.

"సారీ మేడమ్," అన్నాను.

ఆమె బీరువా మూసి తాళం వేసింది. ఆ రోజు శనివారమని నేను గుర్తు చేయలేదు. తల్లీకూతుళ్లు ఇంకా అక్కడే నిలబడి నన్ను చూస్తున్నారు.