లేబుల్ మార్చుకున్న చొక్కాలు

పెద్ద దేశాలు రెండూ సుంకాలతో కొట్టుకుంటుంటే మధ్యలో మన ఆగ్నేయాసియా కూటమి బాగుపడుతుందని సమావేశాల్లో చెబుతుంటారు. ఫ్యాక్టరీలన్నీ మన వైపే వస్తున్నాయట! బర్మాలో, యాంగోన్ నగరంలో ఎగుమతి సరుకు తనిఖీ చేయడం నా ఉద్యోగం. వస్తున్నవేమిటో కళ్ళారా చూశాను కాబట్టి ఆ మాట ఒప్పుకోను.

గత ఏడాది వానాకాలంలో నగర శివారు తాకేటాలోని ఒక కుట్టు ఫ్యాక్టరీకి వెళ్ళాను. మా పనిలో సరుకు ఏ దేశానిదో తేల్చే ‘రూల్స్ ఆఫ్ ఆరిజిన్’ ఉంటాయి. ఈ ఫ్యాక్టరీ చొక్కాలు కొనే దేశం విషయంలో వాటి సారం ఇంతే: బట్ట ఎక్కడిదైనా సరే, కత్తిరించి కుట్టింది ఇక్కడైతేనే చొక్కా ఇక్కడిది. నేను చూసి సరేనంటేనే సరుకు ఓడెక్కేది.

నాకొక అలవాటుంది. ముందు కటింగ్ బల్ల కింద చేత్తో తుడిచి చూస్తాను. పని జరిగే చోటైతే వేళ్ళకు బట్ట నూగు అంటుకోవాలి. ఆ రోజు దుమ్ము అంటుకుంది. ఎన్నాళ్ళుగానో పేరుకున్న దుమ్ము.

గబగబా లోపలి హాల్లోకి నడిచాను. వరసగా కూర్చున్న అమ్మాయిలు కుట్టడం లేదు, విప్పుతున్నారు! ఇస్త్రీ మడత కూడా నలగని చొక్కాల మెడ దగ్గర సుంకం పడిన పెద్ద దేశం లేబుల్ ఊడదీసి, మన దేశం పేరున్నది కుడుతున్నారు. వాళ్ళ లైనుకు పెద్ద నూకాలు, మా తెలుగువాళ్ళ వీధి మనిషే.

“ఇదేటే నూకాలూ?” అని అడిగాను.

“ఏటక్కా, దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు? సొక్కాలు కుట్టేసే వొచ్చేస్తన్నాయి. మాకు మెడలే మిగిల్నాయి.”

“ఇది మోసం కాదూ?”

“నువ్వు కాదంటే రేపు లైను మూసేత్తారు. నా పిల్లలకి నీ నిజాయితీ వండి పెట్టమంటావేటి?”

మేనేజరు కో జో టీ తెప్పించాడు. “డా లక్ష్మీ, అందరూ చేస్తున్నదే కదా” అని, ‘గారు’ అన్నట్టు ‘డా’ చేర్చి, బర్మీస్‌లో నవ్వుతూ అన్నాడు. “ఆ అందరిలో నన్ను కలపకండి” అని టీ ముట్టకుండా లేచాను. సంతకం పెట్టలేదు.

నూకాలు అన్నట్టే లైను మూసేశారు. వీధిలో ఎదురుపడితే ఆమె ముఖం తిప్పుకుంటోంది. అది నేను ఊహించిందే. నిర్ఘాంతపోయింది మాత్రం కో జో ఫోన్‌తో. అవే పెట్టెలు కూటమిలోనే ఉన్న మరో దేశానికి వెళ్ళాయట. అక్కడి లేబుల్ తగిలించుకుని, ఇక్కడికన్నా తక్కువ కూలికి, నిక్షేపంగా ఓడెక్కేశాయట. “అక్కడ డా లక్ష్మి లేరు లెండి” అని దెప్పాడు.

ఒకచోట తలుపు మూస్తే అబద్ధం ఆగదనీ, పక్క తలుపు తడుతుందనీ నాకప్పుడు తెలిసింది. పెద్ద దేశాల ముందు నిలబడాలనే కదా కూటమి కట్టుకున్నాం? మరి నూకాలుకు మిగిలిన ఆ కుట్లు విప్పే పనిని కూడా ఇంకా తక్కువకు తన్నుకుపోయింది కూటమిలోని దేశమే అయితే, మనం పోటీ పడుతున్నది ఎవరితో?