చేయి చాచినంత దూరం

ఆవిడ కొట్టు ఎత్తేసి కదిరి వెళ్లిపోయినా నాకు కుళ్లు పోలేదు. ఇంటి ప్లాన్లు గీసి ప్రింటు తీసే కొట్లు అప్పట్లో మా వీధిలో రెండే, నాదీ ఆవిడదీ.

సైటులో గాలికి పెద్ద షీటు నిలవదని, దాన్ని నోటుపుస్తకం కాగితమంత చేసిమ్మని మేస్త్రీలు వచ్చేవారు. నేను ఒక్క బటన్ నొక్కి కుదించేవాణ్ణి. కొలతలు చీమల బారులా పడేవి. ఆవిడ మాత్రం ప్రింటును వచ్చినవాడి ముందు చేయి చాచి పట్టుకుని, అతన్నే "ఏం రాసుండాదో సదువన్నా" అనేది. అతను ఒక్క అంకె దగ్గర నసిగినా చించేసి, అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ తీసేది.

ఒకరోజు, మేస్త్రీ పని చేసే మా నాయన జేబులో ఆవిడ తీసిన ప్రింటు కనిపించింది. ఆ ప్లాన్ గీసింది నేను.

"ఆడికెందుకు పోయినావు నాయనా?"

"నీది కండ్లకు ఆనదప్పా."

తప్పు పట్టాలనే ఆ కాగితంతో ఆవిడ కొట్టుకు వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే లాక్కుని, చేయి చాచి పట్టుకుంది.

"సదువన్నా."

మెట్ల కింది చిన్న కొలతతో సహా చదివేశాను. ఎక్కడా నసగనందుకు ఒళ్లు మండిపోయింది.