వెనక బెంచీలో హెడ్మాస్టరు

అంబదాస్ సారు హెడ్మాస్టరుగా వచ్చేనాటికి ఆ బడికి ఒక అలవాటు ఉండేది. వరండాలో హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, టీచర్లంతా గొంతు పెంచేవారు, పిల్లలు ఎక్కాలు అందుకునేవారు. చప్పుడు దూరం కాగానే అందరూ ఊపిరి పీల్చుకునేవారు.

అది 1959 వానాకాలం. మందమర్రి గనుల పక్కన రేకుల కప్పు కింద నడిచే బడి. బొగ్గు తవ్వడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల పిల్లలే అందులో ఎక్కువ. అంబదాస్‌ది కరీంనగర్ జిల్లాలో నేతపని చేసే ఇల్లు. నలభై దాటిన మనిషి, బట్టతల. ఆయన నవ్వితే మూడు గదుల అవతలికి వినబడేది.

వచ్చిన మొదటి వారంలోనే లెక్కల గంటలో అయిదో తరగతికి వెళ్లి, వెనక బెంచీ మీద ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పాఠం చెబుతున్న గట్టయ్య చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. ఆ రోజు భిన్నాలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాశాడు, చదివాడు, చదివించాడు. పిల్లలు పాటలా అప్పజెప్పారు. ఒకచోట నోరు జారి ఉర్దూలో "నసబ్‌నుమా" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, "హారం, హారం" అని దిద్దుకున్నాడు.

అంబదాస్ ఒక్క మాటా అనకుండా లేచి వెళ్లిపోయాడు. తిట్టినా అంత భయం వేసేది కాదు గట్టయ్యకు. సాయంత్రం ఆఫీసు గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మాఫ్ జెయ్యుండ్రి సార్. నేను సదివిందంత నిజాం కాలంల, ఉర్దూల. లెక్క వస్తది, గా తెలుగు మాటలే రావు. రోజు పొద్దుగాల లేసి పుస్తకం బట్టీ గొట్టుకొని వస్తున్న. ఎక్కడ తప్పు మాట వస్తదో అని పోరగాండ్ల మొఖం గూడ సూడ."

అంబదాస్‌కు తన పాత రోజులు గుర్తొచ్చాయి. పద్దెనిమిదేళ్ల కింద ఇచ్చోడ దగ్గర ఒక పల్లెలో తానూ ఇలాగే నిలబడ్డాడు. తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల ముందే నిలదీశాడు, పాఠం చెప్పడం ఎవరు నేర్పారని. నిజానికి ఎవరూ నేర్పలేదు. ఆ అధికారి తప్పులన్నీ రాసుకుని పోయాడు గానీ, ఎట్లా చెప్పాలో చెప్పి పోలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఏ పిల్లవాడు ప్రశ్న అడిగినా అంబదాస్‌కు కోపమే వచ్చేది. మగ్గం మాత్రం అట్లా నేర్చుకోలేదు. బాపు అని పిలిచే తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని జానెడు నేసి చూపించేవాడు, ఆపైన జానెడు నేయించేవాడు. పోగు తెగితే ఇద్దరూ కలిసి ముడేసేవారు.

"కూసోండ్రి గట్టయ్య సారూ," అన్నాడు కుర్చీ జరిపి. "రేపు మీ క్లాసు నేను జెప్త. మీరు ఎనక బెంచీల కూసోని నా తప్పులు రాయుండ్రి."

"మీ తప్పులా? నేనెట్ల రాస్త సార్?"

"పెన్సిలుతోని!" అని ఫక్కున నవ్వాడు.

మర్నాడు అంబదాస్ ఒక జామపండు, చాకు పట్టుకుని తరగతికి వచ్చాడు. పండును నాలుగు ముక్కలు కోసి, పాఠం అదరగొట్టాననే అనుకున్నాడు. జవాబులు ఖంగున వచ్చాయి. గంట కొట్టాక చూస్తే గట్టయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏం లేదు సార్, మంచిగనే జెప్పిండ్రు."

"సదువుతరా, గుంజుకోవాల్నా?"

గట్టయ్య నేల చూపులు చూస్తూ చదివాడు. "పదకొండు ప్రశ్నలు అడిగిండ్రు సార్. పదకొండింటికి ముందు బెంచీల ముగ్గురే జవాబు జెప్పిండ్రు. కిటికి కాడ ఎల్లక్క పక్క పిల్ల పలక సూసి రాసింది. ఎనక కూసున్నోళ్లు, గా జామపండు ఆఖరుకు ఎవలు తింటరో అని పందెం కట్టిండ్రు."

అంబదాస్‌కు చురుక్కుమంది. ఒక క్షణమే. తర్వాత వచ్చిన నవ్వుకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది. "గిన్నేండ్ల సంది పాఠం జెప్తున్న, గీ ముచ్చట నాకు ఎవ్వలు జెప్పలే గట్టయ్య సారూ!"

బడి వదిలాక ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. రేకుల మీద వాన దబదబా కురుస్తోంది.

"గా ఎల్లక్కకు ఇంట్ల బాగ ఎరుకైనదేంది?" అడిగాడు అంబదాస్.

"షిఫ్టులు సార్. బాపు బొగ్గు బాయిలకు ఎప్పుడు దిగుతడో, ఎప్పుడొచ్చి పంటడో అంత ఆమెకే ఎరుక."

"ఇంకేం మరి! దినానికి షిఫ్టులు మూడు. ఒక్క షిఫ్టు దినంల ఎన్నో వంతు? గట్ల అడుగుండ్రి. ఉర్దూ మాటొస్తే రానియ్యుండ్రి, ఫికర్ జెయ్యకుండ్రి. పావుశేరు, ముప్పావు అని ఇండ్లల్ల అంటనే ఉంటరు గద. పుస్తకం మాట ఆఖరుకు రాయొచ్చు."

గట్టయ్యకు ఒక ఉపాయం తోచింది. "సార్, నోటితోని అడుగుతె గా ముగ్గురే జెప్తరు. అందరిని పలకల మీద రాయమని, ఒక్కసారే లేపుమంటె?"

"శెభాష్! గిది నాకు తట్టలే."

గట్టయ్య చేతిరాత బాగుంటుందని బడిలో రిజిస్టర్లు, నెలవారీ కాగితాలన్నీ అతని నెత్తినే వేసేవారు. అంబదాస్ ఆ కట్టలన్నీ ఆ సాయంత్రమే తన బల్ల మీదికి మార్పించుకున్నాడు. రోజూ ఆ రాతపనికి పోయే గంటలో మర్నాటి పాఠం తయారు చేసుకొమ్మని గట్టయ్యకు చెప్పాడు.

మూడోనాడు షిఫ్టుల లెక్క అడగగానే నలభై పలకలు ఒక్కసారే లేచాయి. కొన్ని తప్పు, కొన్ని ఒప్పు. ఎల్లక్క పలక మీద మూడింట ఒకటి ఉంది. అడగకుండానే లేచి నిలబడింది. "బాపు మూడింట్ల ఒక్కటి బాయిల ఉంటడు సార్, రెండొంతులు ఇంటికాడ ఉంటడు. గా రెండొంతులు మమ్ముల మాట్లాడనియ్యడు, పంట అంటడు!" తరగతంతా గొల్లుమంది. గట్టయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. హెడ్మాస్టరు వెనక బెంచీలోనే ఉన్నాడన్న సంగతి అప్పుడతనికి గుర్తే లేదు.

వారం తిరక్కముందే ఒకటో తరగతి సత్తమ్మ టీచరు ఆఫీసు గదిలోకొచ్చి దెబ్బలాడింది. "నా క్లాసుకు ఎప్పుడొస్తరు సార్? నేనేం పాపం జేసిన?" అప్పటినుంచి ప్రతి శనివారం, సగం పూట బడి అయ్యాక, టీచర్లందరూ చాయ్ తాగుతూ కూర్చునేవారు. ఆ వారంలో చెడిన పాఠం గురించి ఎవరికి వారు చెప్పాలి. మొదట చెప్పేవాడు అంబదాస్.

రాజయ్య సారు మాత్రం ఏడాది దాకా తలుపు మూసుకునే పాఠం చెప్పాడు. అంబదాస్ తట్టలేదు. మరుసటి ఎండాకాలం ఒకనాడు ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. "ఉడకపోస్తుంది సార్, గందుకే," అన్నాడు రాజయ్య. "అవు, మస్తు ఉడకపోస్తుంది," అంటూ అంబదాస్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఎనిమిదేళ్లు ఆ బడిలోనే ఉన్నాడాయన. నాలుగో ఏట ఒక చలికాలం పొద్దున అయిదో తరగతి గది ఖాళీగా కనబడింది. కంగారుగా బయటికొచ్చి చూస్తే, గట్టయ్య పిల్లలతో ఆవరణ కొలుస్తున్నాడు. హెడ్మాస్టరును చూసి పాఠం ఆపలేదు, బెదరలేదు. చేతిలోని తాడు కొస అందించాడు.

"సార్, జర గీ కొస వట్టుండ్రి. గా గోడ దాంక నడువుండ్రి."

అంబదాస్ తాడు పట్టుకుని గోడ దాకా నడిచాడు.

"సార్, ఒదులున్నది, గట్టిగ గుంజుండ్రి!" అని అరిచారు పిల్లలు.

ఆయన నవ్వుతూ గట్టిగా గుంజాడు.