తమ్ముడి కోసం వేసిన వేలిముద్ర

పసుపు విత్తనం కొనడానికి లోన్ కోసం ఆర్మూరులో బ్యాంకుకు పోయాను. ఆఫీసరు నా ఆధార్ నంబరు కంప్యూటర్‌లో కొట్టాడు.

"పెద్దాయనా, నీ తమ్ముని ట్రాక్టర్ లోన్‌కు నువ్వు జమానత్ ఉన్నవ్. ఆయన కట్టలే. నీకు లోన్ రాదు."

పాత హామీ కాగితం చూపించాడు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, కూడబలుక్కుని చదివాను. కింద నా వేలిముద్రే. నాకు అక్షరం రానప్పుడు రేషన్ కార్డుకని తమ్ముడు వేయించుకున్నాడు. సొంత తమ్ముడిచ్చిన కాగితాన్ని పరాయివాళ్లతో చదివించడం మా ఇళ్లల్లో తప్పు.

ఇంటికి పోయి తమ్ముణ్ణి నిలదీశాను.

"నాలుగక్షరాలు రాంగనే లెక్కలడిగే పట్వారివైనవా అన్నా?" అని నవ్వాడు.

ఆ ఏడు నా చేను బీడుపడింది. గట్టవతల తమ్ముడి పసుపు ఏపుగా పెరిగింది.