ఆగిన బండికి మిఠాయి డబ్బా

పోయిన ఏడాది నేనూ, మా చిన్నాయన కూతురు స్రవంతీ ఒకే వారంలో వేర్వేరు షోరూముల్లో బండ్లు కొన్నాం. అక్కడ ఆమెకు దండ వేసి ఫొటో తీశారు. ఇక్కడ నాకు తాళం చేతిలో పెట్టి "తీస్కపో" అన్నారు. లోలోపల కుళ్లుకున్నాను.

మొన్న స్రవంతి భూపాలపల్లిలో ఉద్యోగ పరీక్షకు వెళ్తుంటే, తోడుగా నా బండి మీద నేనూ వెళ్లాను. రేగొండ దాటాక ఆమె బండి ఆగిపోయింది. తన షోరూముకు ఫోన్ చేస్తే, అక్కడి అతను "పరేషాన్ గాకు చెల్లే, పొద్దూకేసరికి మనిషిని పంపుత" అన్నాడు.

"పరీక్ష సెంటర్ గేటు మూస్తరన్నా!" అంటూ స్రవంతి ఫోన్లోనే ఏడ్చేసింది.

ఆమెను నా బండి ఎక్కించుకుని, గేటు మూసేలోపే చేర్చాను. దిగుతూ, "షోరూమాయన ఎంత మర్యాదగ మాట్లాడిండో సూసినవా అక్కా!" అంది.

సాయంత్రం వాళ్లు బండి బాగుచేసి, మిఠాయి డబ్బా కూడా ఇచ్చి వెళ్లారు. అందులోని లడ్డూ తింటూ మళ్లీ కుళ్లుకున్నాను. నా బండి ఏనాడూ ఆగలేదు. అందుకేనేమో, ఎట్లున్నవని నన్నెవరూ అడగలేదు.