మామ పట్టించిన మసాలా, నేను వేసిన బొగ్గు

ముందే చెప్పి పెడుతున్న. నా నోట్లో పడ్డ ఏ సంగతైనా సోలెడు పోతే పుట్టెడై బయటికి వస్తది. ఇంట్లో బల్లిని చూస్తే బజారులో మొసలిని చూసినట్టు చెప్పే మనిషిని. కాబట్టి ఇందులో ఈగలు వేలు అంటే వందలనుకోండి, పొగ ఆకాశం దాకా అంటే చూరు దాకా అనుకోండి. కంపు సంగతి మాత్రం తగ్గించుకోకండి. అది నేను చెప్పేదానికన్న ఎక్కువే ఉండె.

నా పెండ్లయిన ఏడాదికి జరిగిన ముచ్చట. మాది చొప్పదండి దిక్కు ఎవుసం ఇల్లు. అత్తగారిది బెల్లంపల్లి. మామ బొగ్గుబాయిలో పని చేస్తుండె. పెండ్లినాడు ఆయనే స్వయంగా గరిటె పట్టుకొని బంతిలో వడ్డించిండు. మా బాపు విస్తరిలో ఉత్త ఎముకలు, మూడు బొక్కలు పడ్డయట, మూడింటి మీదా గోరంత కండ లేదట. ఆయన కావాలని వేయలే, గరిటెకు ఏది వస్తే అది వేసిండు. కానీ బాపు ఆ మూడు బొక్కలను ఏడాది పొడుగునా చప్పరిస్తూనే ఉన్నడు. వియ్యంకుని మాట వస్తే చాలు, పక్కకు తిరిగి ఉమ్మేటోడు.

ఇంతలో నా భార్యకు ఏడో నెల పడ్డది. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవాలె. బాపు పంపనన్నడు. మా అవ్వ మొగని మీద వారం రోజులు అలిగి, చివరికి ఒక మాట రాబట్టింది.

"సరే, నేనే తోల్కపోత. గాయన నాకు మెత్తటి ముక్క వెట్టి, నేను కడుపునిండ తింటె పిల్లను ఆడ ఉంచుత. మల్ల బొక్కలే వెడితె, వచ్చిన రైలుకే ఎన్కకు తోల్కొస్త."

నా భార్య రేకుపెట్టె సర్దుకున్నది. బాపు దాన్ని తాడుతో ఏడు చుట్లు చుట్టి ముడి వేసిండు. "విప్పుడు సంగతి ఆడికి పోయినంక," అన్నడు. రైల్లో ఆ పిల్ల దారి పొడుగునా ముడినే చూస్తూ కూర్చున్నది.

ఈ షరతు ఉత్తరంలో మామకు ముందే చేరింది. ఆయనకు కూర వండుడు రాదు, నిప్పుల మీద కాల్చుడు వచ్చు. కాల్చే కూరకు మసాలా పట్టించుట్లో తన చెయ్యికి సాటి చెయ్యి బెల్లంపల్లిలో లేదని ఆయన నమ్మకం. ఆ చెయ్యిని నేను ఆనాడు దగ్గరినుంచి చూసిన. చూడకుంటే బాగుండు.

వాకిట్లో ఇత్తడి తాంబాళం నిండా యాటకూర, పచ్చి మేకమాంసం. దాని ముందర మామ గొంతుక్కూసొని, మోచేతుల దాకా ఎర్రగా, ముక్కముక్కనూ పిసుకుతుండు. ఎండుమిరపకాయలు, ధనియాలు, మిరియాలు, రాతిపువ్వు దంచిన పొడి. అందులో ఎల్లిగడ్డ ముద్ద. ముక్క మెత్తబడాలని పచ్చి బొప్పాయి నూరి కలిపిండు. మెత్తబడకుంటే బిడ్డ వాపసు పోతదన్న భయంతో ఒక కాయ వేసేకాడ మూడు కాయలు వేసిండు. అది కూడా ముందునాడు పొద్దుగాల. మేం పోయేసరికి ఆ కూర ఎవరో నమిలి నమిలి తిరిగి తాంబాళంలో పెట్టినట్టుగా ఉన్నది. వేళ్ల సందుల నుంచి జిగురు సాగుతున్నది. గోళ్లలో ఇరవై ఏండ్ల బాయి నలుపు. ఉప్పు చూడటానికి చూపుడువేలు నాకుడు, అదే వేలు కూరలో ముంచుడు, మళ్లీ నాకుడు. నేను లెక్కపెట్టిన, నూటా పదహారు సార్లు. ముక్కు కొస మీద చెమటబొట్టు ఊగుతుండె. అది ఎటు పడుతదా అని నేను ఊపిరి బిగబట్టి చూసిన. తాంబాళంలోనే పడ్డది.

"నిన్నటిసంది నానవెట్టిన బావా," అన్నడు మామ.

బాపు ఆయనతో మాట్లాడడు గదా, నా దిక్కు తిరిగిండు. "నిన్నటి కూరనా అని అడుగురా."

"నిన్నటిదేనట బాపు."

"ఈగలు గూడ నిన్నటియేనా అడుగు."

నా ఆశంతా అత్త మీద ఉండె. ఆమె వంకాయలు కడిగి, నాలుగు పక్షాలుగా చీరి, ఉప్పు, కారం, నువ్వులపొడి శుభ్రంగా కూరుతున్నది. వంకాయలతో గట్టెక్కుదాం అనుకున్న. ఇంతలో మామ "నీకు చేతగాదు, ఇటు తే" అని ఆ వంకాయలను కూడా గుంజుకొని అదే చేతులతో రుద్దిండు.

ఇక పొయ్యి. తారు డబ్బాను నిలువునా కోసి తొట్టిలాగ చేసిండు. సీకుల బదులు పాత సైకిల్ పుల్లలు. తెల్లారకముందే వాకిట్లో రాయిబొగ్గు కుప్పపోసి అంటించి, దాని పొగంతా చచ్చినంక, ఎర్రటి కణికలను తొట్టిలోకి తోడిండు. పుల్లలకు ముక్కలు గుచ్చి, వంకాయలు గుచ్చి, నిప్పుల మీద పేర్చిండు. అంతా అయినంక ఇగ చేతులు కడుక్కోవాలని యాదికి వచ్చింది.

"అల్లుడా, జర నిప్పు చూస్తుండు," అని బావి కాడికి పోయిండు. బాపు అరుగు మీద అటు తిరిగి కూర్చున్నడు.

నిప్పు మందమైంది. మా ఊళ్లో బొగ్గు అంటే కట్టెబొగ్గు. నిప్పు తగ్గితే నాలుగు నల్లబొగ్గులు పైన వేస్తం, ఊదుతం. ఇక్కడ గోడ పక్కనే నల్లగా, నిగనిగలాడుతూ కుప్ప ఉండె. అల్లుని పనితనం చూపిద్దామని రెండు తట్టలు ఎత్తిపోసిన. చాటతో గాలి విసిరిన.

మొదట తెల్లగా లేచింది. తర్వాత పసుపుపచ్చగా, తర్వాత ఏ పేరూ లేని రంగులో. మురిగిన గుడ్డు, మరిగిన తారు, రైలింజను కడుపు, మూడూ కలిసి నా ముక్కులోకి దిగినయి. వేలకు వేలు ఈగలు లేచి అటువైపు బస్తీకి వలసపోయినయి. కాకులు పోయినయి. ముక్కల మీద నల్లటి చెమట పట్టింది. మామ చెప్పుల చప్పుడు వినబడంగనే నల్లబొగ్గును పుల్లతో ఎర్రటి కణికల కిందికి తోసి ఏమెరుగనట్టు నిలబడ్డ.

ఆయన వాసన చూసిండు. ముఖం మాడిపోయింది. అయినా బాపు పళ్లెంలో ఏరి ఏరి పెట్టిండు. బొక్క ఉన్న ముక్క ఒక్కటి లేదు.

బాపు ఒకటి నోట్లో వేసుకున్నడు. నేనూ వేసుకున్న. పైన కారం, కింద బొప్పాయి జిగురు, నడుమ కిరసనూనెలో నానిన పాతగుడ్డ. నమలనక్కర లేదు, అదే గొంతులోకి జారుతున్నది, దాన్ని ఆపుడే కష్టం. వంకాయ కొరికితే దాని కడుపులోంచి కూడా పొగ వచ్చింది.

బాపు పళ్లెం పక్కకు జరిపిండు. "పోయినసారి బొక్కలు, గీసారి గ్యాసునూనెనా అని అడుగురా. పెట్టె ఇప్పద్దు. సాయంత్రం రైలున్నది."

మామ తన కుడిచెయ్యిని తిప్పితిప్పి చూసుకున్నడు. "మసాలాల తప్పు వడ్డది బావా. బొప్పాయి ఎక్కువైంది. ఇన్నేండ్ల సంది గిట్ల కాలే." ఆ గొంతు విని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తలుపు చాటున నా భార్య, పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డది.

అప్పుడు నేను లేచి నిలబడ్డ. "మసాలా తప్పు కాదు. నిప్పుల మీద పచ్చి రాయిబొగ్గు వేసింది నేను," అన్న.

ఏడాది తర్వాత మొదటిసారి బాపు వియ్యంకుని ముఖం చూసిండు. "ఎవలన్న గట్ల ఏస్తర బావా?"

"బొగ్గుబాయికాడ పాలుతాగే పోరలకు ఎరుకే బావా, గది పొగవోయినంకనే పొయ్యిల ఏస్తరని."

"ఇర్వై రెండేండ్లు సాదిన వీన్ని."

"నేనైతె పిల్లనే ఇస్తి."

"నువ్వు జర అడిగి ఇయ్యద్దా? నేను చెప్తుంటి గద."

ఇద్దరూ కలిసి నన్ను అరగంట ఉతికిన్రు. ఉతుక్కుంటనే కొత్తగా నిప్పులు చేసిన్రు. తాంబాళంలో మిగిలిన కూరను ఈసారి బాపు కూడా గొంతుక్కూసొని పిసికిండు. ఆయన కూడా వేలు నాకి చూసుడే. నాలుగు చేతులు, రెండు నాలుకలు, ఒక తాంబాళం. ఆ కూరను ఇద్దరూ కడుపునిండ తిన్నరు. "మెత్తగున్నది బావా," అన్నడు బాపు. పొగపట్టిన ముక్కలన్నీ నా పళ్లెంలోకి వచ్చినయి. "వాని కష్టం, వాన్నే తిననీ," అన్నడు మామ. నేను తిన్న. ఇప్పటికీ బొగ్గింజను పోతుంటే ఆ ముక్క గొంతు దాకా వచ్చి పలకరిస్తది.

పెట్టె ముడి బాపే విప్పిండు, ఏడు చుట్లూ.

ఇగ అబద్ధం సంగతి. ఈగలు, కాకులు, నూటా పదహారు నాకుళ్లు, ఇవి ఉన్నవాటినే ఊదిన. మొత్తానికే కల్పించింది ఒక్కటి. నేను లేచి నిలబడ్డ అన్న మాట. నేను లేవలే. నోట్లో ముక్క ఉండె, మింగరాలే, ఉమ్మరాలే. చెప్పింది నా భార్య, మా బాపు దిక్కు తిరిగి. "మసాలా మంచిగనే ఉండె మామా. గీయన పచ్చి బొగ్గేసిండు, నేను కిటికీలకెల్లి చూసిన," అన్నది. అప్పటిదాకా నేను, బొప్పాయి ఎక్కువైందని మామ అంటుంటే, అవునవునని తల ఊపుతూ కూర్చున్న.