తెగని కుట్టు

అతుకు తప్పుగా కోసింది నేను. ఆ తప్పును కుట్టినవాడి మీదకు నెట్టిందీ నేనే.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, డిసెంబరులో జరిగిన సంగతి ఇది. విశాఖపట్నంలో తెరచాప పడవ నడపడం నేర్పే ఒక సంస్థలో నేను సరంగుని. తాళ్లకూ తెరచాపలకూ సరంగుదే పూచీ. పుదుచ్చేరి ప్రయాణానికి పది రోజుల ముందు పెద్ద తెరచాప వెనక అంచు చిరిగింది. సెలవు మీద సొంతూరు నంద్యాలకు వస్తూ దాన్ని వెంట తెచ్చాను. ఆళ్లగడ్డలో లారీ పట్టలు కుట్టే మస్తాన్ దగ్గర మందపాటి బట్ట కుట్టే మిషను ఉంది. ఈ పని నిలిస్తే మా మరమ్మతులన్నీ అతనికే ఇప్పిస్తానన్నాను.

బట్ట కలిసివస్తుందని అతుకును ఏటవాలుగా కోశాను. మస్తాన్ దాన్ని రెండు చేతులా లాగి చూశాడు.

"ఏందన్నా ఇది, సాగుతాండాది. పాతదాని పడుగు నిలువుగా ఉంటే దీనిది మూలగా పోతాండాది. గాలి లాగితే అతుకు సాగుతాది, పక్క బట్ట చినుగుతాది."

సముద్రం సంగతి నాకు తెలుసు, నువ్వు కుట్టమన్నాను.

"సముద్రం నీకు తెలుసులేన్నా. బట్ట నాకు తెలుసు" అంటూనే కుట్టాడు.

ప్రయాణం రెండో రోజు గాలి పెరిగింది. తెరచాప సరిగ్గా అతుకు పక్కనే చిరిగింది. దాన్ని దించి డెక్కు మీద పరిచాను. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, మైనం పూసిన దారంతో, ఈసారి పడుగు వెంట కోసిన అతుకును సాయంత్రం దాకా చేత్తో కుట్టాను. అది పుదుచ్చేరి దాకా నిలిచింది. పాత అతుకు విప్పేటప్పుడు మస్తాన్ వేసిన ఒక్క కుట్టూ తెగలేదని కళ్లారా చూశాను.

అయినా రిపోర్టులో 'బయటి దర్జీ కుట్టు నాసిరకం' అని రాశాను.

ఆ కాగితం కెప్టెన్ బల్ల, స్టోర్సు అధికారి బల్ల దాటింది. ఆ తెరచాప, తీసేసిన పాత అతుకుతో సహా, అదే స్టోరులో మడతపెట్టి ఉంది. ఒక్కరూ విప్పి చూడలేదు. కుట్టినవాణ్ని ఒక్క మాట అడగలేదు. సరంగు సంతకం ఉంటే ఒక మనిషి పనితనం నాసిరకమైపోతుందా? ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ సంతకం నాదే కాబట్టి ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

ఇక పని ఇవ్వబోమని మస్తాన్‌కు ఉత్తరం వెళ్లింది. లారీల వాళ్లు కూడా నవ్వారట. అతను ఫోన్ చేశాడు, కానీ తిట్టలేదు.

"నా కుట్టు యాడ తెగిందో చూపియ్యన్నా. అంతే."

ఆ వారమే రెండో రిపోర్టు రాసి తప్పు నాదని ఒప్పుకున్నాను. నన్ను మూడు నెలలు స్టోరు పనికి మార్చారు. ఉత్తరం రద్దు చేసిన కాగితాన్నీ పాత అతుకునూ తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. మస్తాన్ కాగితం చదవలేదు. అతుకు అంచున మిగిలిన తన కుట్టును గోటితో గీకి చూసుకున్నాడు.

"మళ్లీ చేస్తాలే. కోసేది గూడ నేనే" అన్నాడు.

తిరిగి వెళ్లాక మరమ్మతు పుస్తకంలో కోసినవారికీ కుట్టినవారికీ వేరువేరు గళ్లు గీయించాను. మొదటి వరుసలో కోసినవారి గడిలో నా పేరు, కుట్టినవారి గడిలో మస్తాన్ పేరు రాశాను. చివరి గడిలో 'చిరిగింది బట్ట, కుట్టు తెగలేదు' అని రాసి సంతకం పెట్టాను.